ముందు ఆ లైటు ఆర్పు బాబూ

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. విద్యుత్ ప్రవాహం పాఠం ఏటా చెబుతాను. వైరు సన్నబడితే నిరోధం పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపయితే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఫ్యూజు దేన్ని కాపాడుతుంది, ఎక్కడ పెట్టాలి అన్నది నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటి నేను పోయిన డిసెంబరులో, ఇంట్లో కాలింగ్ బెల్లుకి వాడగా మిగిలిన వైరుతో నా బండికి ఎనభై వాట్ల లైట్లు బిగించాను. ఆ లైట్ల వల్ల ఒక ముసలాయన రోడ్డు దిగి పడ్డాడు. ఈ సంగతి మా ఇంట్లో సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ చెబుతున్నాను.

మాది అనకాపల్లి. బండి 2014 మోడల్ క్లాసిక్ 350. హెడ్‌లైటులో ఉన్నది 60/55 వాట్ల హాలోజెన్ బల్బు. కాలేజీ అయ్యాక సాయంత్రం క్లాసులు కూడా చెప్పి ఇంటికి బయల్దేరేసరికి చీకటి పడిపోతుంది. దారంతా పల్లెటూరి రోడ్డు. చెరుకు కొట్టే రోజుల్లో గడలు నింపుకున్న ట్రాక్టర్లు వెనక ఒక్క ఎర్ర దీపమైనా లేకుండా ముందు పోతుంటాయి. హాలోజెన్ పసుపు వెలుతురులో ఆ చెరుకు మోపు దగ్గరికొచ్చేదాకా చీకట్లో చీకటిలాగే ఉంటుంది. ఒకసారి గడల చివర్లు నా హెల్మెట్‌కి రాసుకున్నాయి. కాబట్టి వెలుతురు కావాలనుకోవడంలో తప్పు లేదు. ఆ అవసరం నిజమైనదే. తప్పులన్నీ ఆ తరవాత మొదలయ్యాయి.

ఎల్‌ఈడీ లైట్ల జత ఒకటి తెప్పించాను. ఒక్కోటి నలభై వాట్లు. వెనక అల్యూమినియం రెక్కలు, ముందు గాజు, చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే నాకు కలిగిన సంతోషం కొంత ఉపాధ్యాయుడి సంతోషం. అర్ధవాహకాల పాఠంలో నీలం ఎల్‌ఈడీ కథ పిల్లలకి తప్పకుండా చెబుతాను. ఎరుపు, ఆకుపచ్చ ముందే వచ్చాయి. నీలం కోసం దశాబ్దాల పాటు ఎదురుచూడాల్సొచ్చింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు. నీలం ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత పూస్తే తెల్లని వెలుగు వస్తుంది. ఇంత కథ తెలిసిన వస్తువు నా బండికి ఉండబోతోందని పొంగిపోయాను. కథ తెలిస్తే పని కూడా తెలిసినట్టే అనుకున్నాను.

బిగించే రోజున మా చెల్లెలి కొడుకు సాయానికి వచ్చాడు. పందొమ్మిదేళ్లవాడు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్నాడు. లైట్లూ, వైరు చుట్టా, టేపూ చూశాడు.

"మావయ్యా, రిలే తేలేదా?"

"రెండు లైట్లకి రిలే ఎందుకురా?"

"ఫ్యూజైనా వేరే పెడదాం. బ్యాటరీ దగ్గర్నుంచి లాగుదాం."

"బండికి ఫ్యూజు ఉంది కదా. లైటు సంగతి నాకు చెప్పకు."

చివరి మాట ఎందుకన్నానో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వాడికి అక్షరాలు దిద్దించింది నేను. పదో తరగతిలో లెక్కలు చెప్పింది నేను. వాడి నోటి నుంచి నా సబ్జెక్టు నాకే వినపడేసరికి లోపల ఏదో ముడుచుకుంది. వాడు మారు మాట్లాడలేదు. టేపు చింపి, ముక్కలు వరసగా ట్యాంకు అంచుకి అతికించి, అడిగినప్పుడల్లా ఒక్కోటి అందించాడు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. బ్యాటరీ నుంచి వైరు లాగాలంటే ట్యాంకు ఎత్తాలి, దాని కిందుగా వైరు నడపాలి, సైడు బాక్సు విప్పాలి. గంట, గంటన్నర పని. హెడ్‌లైటు డూము విప్పితే వైర్లన్నీ అక్కడే చేతికి అందుతాయి. ఆ గంట మిగుల్చుకుందామని చూశాను.

ఈ బండికి హెడ్‌లైటు పైన రెండు పక్కలా చిన్న పైలట్ దీపాలుంటాయి, టైగర్ ల్యాంపులంటారు. ఒక్కోటి నాలుగు వాట్లు. రెండూ కలిపి లాగేది ఆంపియర్‌లో మూడింట రెండు వంతులైనా ఉండదు. వాటికి వేసిన వైరు కూడా అందుకు తగినంత సన్నం. నేను ఆ వైరు తొక్క బ్లేడుతో గీరి, బెల్లు వైరు కొసని దాని చుట్టూ మెలివేసి, టేపు చుట్టేశాను. సోల్డర్ చెయ్యలేదు. బెల్లు వైరులో ఉండేది ఒకే రాగి తీగ. వణికే బండి మీద ఒంటి తీగ నిలవదు, పోగుల వైరు వాడాలి. అది కూడా నాకు తెలియని సంగతి కాదు. లైట్ల రెండో వైరు ఎర్త్‌కి కట్టాను. లైట్లని హ్యాండిల్‌కి, హెడ్‌లైటు ఎత్తులో బిగించాను. అక్కడ అందంగా ఉన్నాయనిపించింది. వేరే స్విచ్ పెట్టలేదు. 2017 ఏప్రిల్ తరవాత వచ్చిన బళ్లకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది. నాది అంతకు ముందుది కాబట్టి లైటు స్విచ్ ఉంది. పైలట్ వెలిగితే కొత్త లైట్లూ వెలుగుతాయి, చాలనుకున్నాను.

అంటే హెడ్‌లైటు డిమ్ చేసినా ఆ రెండూ వెలుగుతూనే ఉంటాయి. ఎదురుగా వచ్చేవాడి కోసం వాటిని తగ్గించే దారి నేను పెట్టలేదు. బిగించేటప్పుడు ఎదురుగా ఇంకో మనిషి వస్తాడన్న ఆలోచనే నా మనసులోకి రాలేదు.

మొదటి రాత్రి రోడ్డు మీద గులకరాళ్లు కూడా లెక్కపెట్టేంత వెలుతురు. దూరాన ఉన్న ట్రాక్టరు చెరుకు ఆకుల పచ్చదనం కనిపించింది. ఎదురొచ్చే బళ్లవాళ్లు డిప్పర్ కొట్టడం మొదలుపెట్టారు. ఒకతను చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని ఏదో అరుచుకుంటూ పోయాడు. వాళ్లు చెబుతున్నది నాకు అర్థం కాలేదంటే అబద్ధమవుతుంది. అర్థమయింది. ఒక్కొక్కరితో ఎదురుపడేది నాలుగు సెకన్లే కదా అనుకున్నాను. నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకి పదకొండు మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే ఎదుటివాడు నలభై నాలుగు మీటర్లు గుడ్డిగా నడుపుతాడు. ఈ లెక్క బోర్డు మీద వేయించే పని నాది. రోడ్డు మీద వేసుకోలేదు.

డిసెంబరు చివర్లో ఒక ఆదివారం లంబసింగి బయల్దేరాం, నేనూ మేనల్లుడూ. తెల్లవారేలోగా కొండెక్కితే మంచు చూడొచ్చని రెండున్నరకే ఇల్లు కదిలాం. తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి నర్సీపట్నం రోడ్డు పట్టాం. నాలుగు కావస్తుండగా ఎదురుగా ఒక దీపం కనిపించింది. పసుపుగా, చిన్నగా, కొంచెం ఊగుతూ వస్తోంది. దగ్గరికొచ్చేకొద్దీ అది ఎక్సెల్ బండి అనీ, రెండు పక్కలా పాల క్యాన్లున్నాయనీ తెలిసింది. నేను డిమ్ చేశాను. నా హెడ్‌లైటు వంగింది, ఆ రెండు లైట్లు అలాగే ఉన్నాయి. ఎక్సెల్ మీదున్న మనిషి ఎడమ చెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఒంటి చేత్తో హ్యాండిల్ తిరిగింది. బండి రోడ్డంచు దిగి, మట్టిలో కొంత దూరం పోయి, పక్కకి ఒరిగింది.

మేం ఆపి పరిగెత్తాం. అరవై దాటిన మనిషి. మఫ్లరు తలకి చుట్టుకుని ఉన్నాడు. మోకాలు గీరుకుపోయింది. అంతకు మించిన దెబ్బ లేదని తరవాత తెలిసింది గానీ, ఆ క్షణాన నాకు తెలియదు. ఒక క్యాను మూత ఊడి పాలు మట్టిలోకి పోతున్నాయి. మేనల్లుడు క్యాను నిలబెట్టాడు. నేను ఆయన భుజం పట్టుకుని లేపబోయాను. ఆయన లేవకుండా నేల మీద చేత్తో తడుముతున్నాడు.

"ముందు ఆ లైటు ఆర్పు బాబూ. నా చెప్పు అగుపడ్నేదు."

స్టాండు వేసి ఉన్న నా బండి ఆయన మొహం మీదకే వెలుగుతోంది. చుట్టుపక్కల ఎక్కడా లేనంత వెలుతురు అక్కడుంది. అందులో ఆయనకి తన కాలి చెప్పు కనిపించడం లేదు. నేను వెళ్లి ఆ రెండు లైట్లు మాత్రమే ఆర్పలేకపోయాను. వాటికి వేరే స్విచ్ లేదు. తాళం తిప్పి మొత్తం ఆర్పేశాను. అంతా చీకటయింది. మేనల్లుడు ఫోను టార్చి వేశాడు. చెప్పు ఆయనకి మూరెడు దూరంలోనే ఉంది.

ఆయన చెప్పు తొడుక్కుని అలా కూర్చునే కళ్లు నులుముకున్నాడు. "నీకు రోడ్డు అగుపడతాది. నాకు నువ్వే అగుపడ్నేదు, రోడ్డెక్కడ అగుపడతాది?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగా నన్ను అడుగుతున్నట్టే అన్నాడు. టార్చి వెలుతురులో ఆయన కంటిపాప తెల్లగా, పొగ పట్టినట్టుగా ఉంది.

అది చూశాక నాకు నోరు పెగల్లేదు. మా అమ్మకి శుక్లాలు ముదిరిన రోజుల్లో రాత్రిపూట ఆటోలో తీసుకెళ్తుంటే ఎదురొచ్చే ప్రతి లైటుకీ కొంగు అడ్డం పెట్టుకునేది. "దీపం దీపంలా లేదురా, చక్రంలా విచ్చుకుంటోంది" అనేది. కంటి కటకం మసకబారితే లోపలికెళ్లిన వెలుగు నేరుగా పోకుండా చెదిరిపోతుంది. కన్నంతా తెల్లని పొర కమ్ముతుంది. మనకి మిరుమిట్లు అనిపించేది వాళ్లకి పూర్తి గుడ్డితనం. ఆపరేషన్ అయ్యేదాకా ఏడాదిన్నర ఆ కొంగు నేను చూశాను. చూసీ ఆ లైట్లు కొన్నాను.

ఆయనకి అయిదింటి వ్యాను అందుకోవాలన్న ఆదుర్దా తప్ప మరొకటి లేదు. పోయిన పాలకి లెక్క చెప్పాడు, ఇచ్చాను. ఎక్సెల్ స్టార్టయింది. కొంత దూరం వెనక రమ్మంటారా అంటే వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో నాకు తెలుసు. వెనక వస్తే ఆయన అద్దంలో ఆ లైట్లే పడతాయి.

ఇంతవరకూ ఇంట్లో తెలుసు. తెలియనిది ఇక్కణ్నుంచి మొదలవుతుంది. ఆయన వెళ్లాక మేనల్లుడు అన్నాడు, "వైరు పీకేద్దాం మావయ్యా. ఒక్క నిమిషం పని." నేను ఒప్పుకోలేదు. ఘాట్‌లో మంచుంటుంది, అక్కడే కదా వీటితో పని అన్నాను. మళ్లీ తాళం తిప్పాను. మళ్లీ అవి వెలిగాయి. కొండ మొదలు చేరేలోగా ఇంకెంతమంది ఎదురయ్యారో లెక్క లేదు. ఆ రాత్రి నేను చేసినవాటిలో ఇది నన్ను వదలడం లేదు. బిగించేటప్పుడు చేసినదాన్ని ఆలోచన లేక చేశానని సర్దుకోవచ్చు. దీనికి ఆ సాకు లేదు. చెప్పు కోసం తడుముకున్న చెయ్యి చూసి వచ్చి చేసిన పని ఇది.

ఘాట్‌లో మంచు ఉన్న మాట నిజమే. ఆ మంచులో నా లైట్లు చేసింది, నా ముందు ఒక తెల్లగోడ కట్టడం. గాల్లో తేలే నీటిచుక్కలు తమ మీద పడ్డ వెలుగులో కొంత వెనక్కి చెదరగొడతాయి. లైటు కంటికి దగ్గరగా, ఎత్తులో ఉంటే ఆ చెదిరిన వెలుగు తిరిగొచ్చి కంట్లోనే పడుతుంది. అందుకే పొగమంచు దీపాలు కిందుగా, నేలకి దగ్గరగా, పైకి చెదరకుండా బిగిస్తారు. నావి హ్యాండిల్ మీదున్నాయి. వెలుతురు ఉన్నకొద్దీ గోడ తెల్లబడింది. ఏ మంచు కోసం వాటిని ఉంచుకున్నానో ఆ మంచులోనే నాకు దారి కనిపించలేదు.

నాలుగో మలుపో అయిదో మలుపో తిరుగుతుండగా కాలిన వాసన వచ్చింది. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పాను. లైట్లు ఒకసారి మందగించాయి. హెడ్‌లైటు డూము అంచులోంచి పొగ వచ్చింది. ఆ వెంటనే హెడ్‌లైటూ పైలట్లూ కొత్త లైట్లూ అన్నీ ఒక్కసారి పోయాయి. ఇంజను మాత్రం నడుస్తోంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏముందో కనిపించదు. మేనల్లుడు వెనక నుంచి "ఆగు, ఆగు, కదలకు" అంటూ దిగి, ఫోను టార్చితో ముందు నడిచి బండిని కొండ పక్కకి చేర్పించాడు.

తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నాం. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట ఉండిపోయినవాడు కర్రలా బిగుసుకుపోతాడని. ఊరిదాకా వెళ్లకుండానే ఆ పేరు మాకు అనుభవంలోకి వచ్చింది. వాడు తన మఫ్లరు తీసి నాకిచ్చాడు. చెప్పాను కదా అని ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే బాగుండేది. చలికంటే వాడి మౌనం కష్టంగా ఉంది.

వెలుగొచ్చాక కొండ దిగి నర్సీపట్నంలో ఒక మెకానిక్ షెడ్డు తెరిచేదాకా కాచుకున్నాం. అతను డూము విప్పి పక్కకి జరిగాడు, నన్ను చూడమన్నట్టు. నా జాయింటు దగ్గర టేపు కరిగి తారులా కారి ఉంది. పైలట్ వైరు తొక్క లేకుండా రాగి బయటపడి నల్లబడింది. పక్కనున్న మూడు వైర్లు దానికి అతుక్కుపోయాయి. "ఫ్యూజు కొట్టేసింది కాబట్టి ఆగింది సార్. పైన ట్యాంకు చూశారా?" అన్నాడు. డూముకి జానెడు వెనక ట్యాంకు. అందులో సగం పైగా పెట్రోలు. ఆ ట్యాంకుకి ఆనుకుని నేను, నాకు ఆనుకుని మా చెల్లెలి కొడుకు.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. రెండు లైట్లూ లాగేది 6.2 ఆంపియర్లు. ఆ సన్నవైరు అలవాటుపడ్డ ప్రవాహానికి పది రెట్లు. ప్రవాహం పది రెట్లయితే వేడి వంద రెట్లు. మెలివేసిన జాయింటు వదులై అక్కడ 0.3 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకున్నా, ఆ ఒక్క చోటే పదకొండు వాట్లకు పైగా వేడి పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎంత కాలుతుందో నాకు తెలుసు. దాంట్లో దాదాపు సగాన్ని టేపులో చుట్టి, వైర్ల మధ్య పెట్టి, రెండు వారాలు తిరిగాను. మరి బండి ఫ్యూజు ముందే ఎందుకు కొట్టెయ్యలేదు? అది లైట్ల లైను మొత్తానికి సరిపడా పెట్టిన ఫ్యూజు. ఆరు ఆంపియర్లు దానికి మామూలే. వైర్లు కరిగి, ఒకదానికొకటి తగిలి, షార్టు అయ్యాక గానీ దానికి సంగతి తెలియలేదు. ఫ్యూజు కాపాడేది వైరుని. ఏ వైరుకి ఆ వైరుకి తగ్గ ఫ్యూజు ఉండాలి. ఇదే వాక్యం నా నోట్సులో ఉంది.

వారం తరవాత మేనల్లుణ్ణి పిలిచాను. "నువ్వు చెయ్యి, నేను అందిస్తాను" అన్నాను. వాడు కాసేపు నా మొహం చూసి పని మొదలుపెట్టాడు. ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాడు. ట్యాంకు ఎత్తాడు. 1.5 స్క్వేర్ ఎంఎం పోగుల వైరు బ్యాటరీ పాజిటివ్ నుంచి లాగి, జానెడు లోపే పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు పెట్టాడు. అక్కణ్నుంచి రిలే, అంటే చిన్న ప్రవాహంతో పెద్ద ప్రవాహాన్ని వేసి ఆర్పే స్విచ్. దాని అడుగున నాలుగు కాళ్లుంటాయి. 30కి బ్యాటరీ, 87కి లైట్లు, 85 ఎర్త్‌కి, 86 ట్రిగ్గర్‌కి. ట్రిగ్గర్ లాగేది ఆంపియర్‌లో ఆరో ఏడో వంతు. దాన్ని ఏ సన్నవైరైనా మోస్తుంది. పెద్ద ప్రవాహం దాని దారిన అది పోతుంది. ట్రిగ్గర్ ఎక్కణ్నుంచి తియ్యాలి అని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు. హై బీమ్ వైరు నుంచి తీశాడు, మధ్యలో ఒక స్విచ్ కూడా పెట్టాడు. ఇప్పుడు డిమ్ కొడితే రిలే టిక్‌మంటుంది, రెండు లైట్లూ ఆరిపోతాయి. జాయింట్లన్నీ సోల్డర్ చేసి స్లీవు ఎక్కించాడు. హ్యాండిల్ కుడి ఎడమలకి చివరిదాకా తిప్పి చూసి, మెడ దగ్గర వైరుకి కొంత వదులు విడిచాడు. మొత్తం సామానుకి అయిదొందలు దాటలేదు. పనికి రెండు గంటలు పట్టింది.

లైట్లని హ్యాండిల్ మీంచి తీసి లెగ్‌గార్డుకి, మోకాలికంటే కిందికి మార్చాం. బండిని గోడకి పాతిక అడుగుల దూరంలో నిలిపి, నేను ఎక్కి కూర్చుంటే, గోడ మీద వెలుగు లైటు ఎత్తుకంటే కిందే పడేలా వంచాడు. వాడి లెక్క ప్రకారం అక్కడికి పని పూర్తయింది.

నాకు మాత్రం సరిపోలేదు. డిమ్ కొడితే ఆరతాయి, సరే. కొట్టడం మరిచిపోయే రాత్రి కూడా వస్తుంది. ఆ రోజు చూసి కూడా మళ్లీ తాళం తిప్పినవాణ్ణి నేను. ఊరి చివర చెరువుగట్టు రోడ్డుకి వెళ్లాం. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఉండరు. వాణ్ణి బండెక్కించి వంద గజాల వెనక్కి పంపి, అన్ని లైట్లూ వేసి, డిమ్ కొట్టకుండా నా వైపు రమ్మన్నాను. నేను ఎదురొచ్చేవాడి పక్కన, రోడ్డంచున, ఎక్సెల్ మీద కూర్చున్నంత ఎత్తుకి వంగి నిలబడ్డాను. కుడికాలి చెప్పు విడిచి మూరెడు దూరంలో పెట్టాను.

మొదటిసారి కనిపించలేదు. లైట్లు ఇంకొంచెం కిందికి వంచమన్నాను. రెండోసారి నల్లగా ఏదో ఉందని తెలిసింది, చెప్పో రాయో తెలియలేదు. మళ్లీ వంచాడు. మూడోసారి చెప్పు, దాని పట్టీ, పట్టీకి అంటిన చెరువు మన్ను కనిపించాయి.

వాడు పక్కకొచ్చి ఆపాడు. "సరిపోయిందా మావయ్యా?"

నా కళ్లు మా అమ్మ కళ్లలా లేవు, ఆయన కళ్లలా లేవు.

"ఇంకొంచెం వంచి, మళ్లీ వెనక్కెళ్లి రా" అన్నాను.